గరిటె పక్కన పెట్టి ధ్యానానికి

గుమాస్తాగా చేరి, 1948లో స్వతంత్ర బర్మాకు తొలి అకౌంటెంట్ జనరల్ అయిన ఊ బా ఖిన్, తన ఆఫీసులోనే సిబ్బందికి విపశ్యన ధ్యానం నేర్పేవారు. అంతకు పదకొండేళ్ల ముందు నుంచీ ఆయన సాధకుడే. 1955లో ఆయన దగ్గరికి పార్శ్వపు నొప్పితో అల్లాడుతూ వచ్చారు మార్వాడీ వ్యాపారి సత్యనారాయణ గోయెంకా. తలనొప్పి కోసమే అయితే రావద్దన్నారు గురువు. మనసు శుభ్రం చేసుకోవడానికైతే రమ్మన్నారు. ఆ శిష్యుడే 1969లో ఈ విద్యను ఇండియాకు తెచ్చారు. హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీది ధమ్మ ఖేత్త ధ్యాన కేంద్రం 1976 నాటిది.

పది రోజుల శిబిరంలో మొదటి మూడు రోజులూ పనంతా ముక్కు, పై పెదవి దగ్గరి చిన్న చోటులోనే. ఊపిరి బిగబట్టడం, లెక్కపెట్టడం, మంత్రం కలపడం ఏవీ ఉండవు. వచ్చే ఊపిరిని, పోయే ఊపిరిని గమనించడమే. ప్రాణాయామం అలవాటున్నవాళ్లకు ఇదే కష్టం, ఊపిరిని దాని మానాన వదలబుద్ధి కాదు. నాలుగో రోజు నుంచి మాడు మొదలు అరికాళ్ల దాకా ఒళ్లంతా పరికిస్తూ పోవాలి. దురద, తిమ్మిరి, సెగ ఏది తగిలినా గోక్కోకూడదు. కళ్లు తెరవకుండా, కాళ్లూ చేతులూ కదపకుండా రోజుకు మూడుసార్లు గంటసేపు కూర్చోవడాన్ని అధిష్ఠానం అంటారు. మోకాలి నొప్పి ఎంతో, దాని మీద మన చిరాకు అంతకు ఎన్ని రెట్లో నలభయ్యో నిమిషంలో తెలిసిపోతుంది. తీవ్రమైన మానసిక వ్యాధికి మాత్రం ఇది మందు కాదు, దరఖాస్తులోనే ఆ సంగతి అడుగుతారు.

నాకు అన్నింటికంటే నచ్చింది శిబిరంలోని వంటింటి నియమం. అక్కడ సేవ చేసే ధర్మసేవకుడు కనీసం ఒక శిబిరమైనా పూర్తిచేసి ఉండాలి. గంట మోగితే గరిటె పక్కన పెట్టి, రోజూ మూడు సామూహిక సాధనలకు హాల్లోకి రావాలి. ఆచార్యులకు జీతం లేదు, సాధకులకు రుసుము లేదు. వారాంతంలో వెల్‌నెస్ సర్టిఫికెట్ చేతికొచ్చే ఈ రోజుల్లో, ముందు తాను కూర్చుని ఉండాలన్న ఈ నియమం మొండితనంలా కనిపించొచ్చు. కానీ మూడో రోజు సంచి సర్దుకుని ఇంటికి పోతానన్నవాడికి ఏం చెప్పాలో, ఎంత తక్కువ చెప్పాలో, ఒకప్పుడు తానూ సంచి సర్దుకోబోయినవాడికే తెలుస్తుంది. 1979లో అమెరికాలో జాన్ కబాట్-జిన్ రోగుల కోసం మొదలుపెట్టిన మైండ్‌ఫుల్‌నెస్ కోర్సులోనూ నేర్పేవాళ్లకు సొంత సాధన ఉండి తీరాల్సిందే.

అధికారం ఉన్నచోట ఈ నియమం ఇంకా పనికొచ్చింది. 1975లో జైపూర్ సెంట్రల్ జైల్లో శిబిరం పెట్టించిన రాజస్థాన్ హోం కార్యదర్శి రామ్‌సింగ్, అంతకు ముందే తాను శిబిరంలో కూర్చుని వచ్చినవారు. సంకెళ్లు తీస్తేనే నేర్పుతానని గోయెంకా పట్టుబట్టారు, తీశారు. ఢిల్లీలోని తీహార్ జైల్లో, జైళ్ల ఐజీ కిరణ్ బేడీ హయాంలో ముందు సిబ్బందిలో కొందరిని శిబిరాలకు పంపారు. 1994 ఏప్రిల్‌లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకే శిబిరంలో కూర్చున్నారు. ఆ తర్వాత ఆ జైల్లోనే ధమ్మ తీహార్ పేరుతో శాశ్వత కేంద్రం వెలిసింది.