చచ్చిన దేవుళ్ళను చంపే వీరుడు

వీడియో ఆట మీద విమర్శ రాయడమేమిటని మన మిత్రుల్లో కొందరు నొసలు చిట్లిస్తారు. అది ఉత్త కాలక్షేపమనీ, ఇంకా గట్టిగా చెప్పాలంటే సామ్రాజ్యవాద దేశాల నుంచి దిగుమతి అయిన మత్తనీ, ఖండిస్తే చాలు, పరిశీలించనక్కర్లేదనీ వారి వాదన. సినిమా గురించి కూడా ఒకప్పుడు ఇదే మాట అన్నవాళ్ళున్నారు. వాళ్ళు ఖండిస్తూ కూర్చున్నారు, జనం చూస్తూ పోయారు. హైటెక్ సిటీ స్టేషన్ దాటాక ఎం.ఎం.టి.ఎస్. రైలు ఆగే హఫీజ్‌పేట్‌లో నేనుంటున్నాను. ఇక్కడి హాస్టళ్ళలో గదికి ముగ్గురు నలుగురు చొప్పున ఉంటూ కంపెనీలకు పోయి వచ్చే కుర్రవాళ్ళలో నవల చదివేవాడు అరుదు. క్రాటోస్ కథ మాత్రం మొదటి నుంచి చివరిదాకా చెప్పగలవాళ్ళు ఎందరో. ఒక పాత్రను యువతరం ఇంతగా తలకెత్తుకున్నప్పుడు ఆ పాత్ర ఎవరి పక్షాన నిలబడిందో తేల్చడం విమర్శకుడి బాధ్యత కాదా?

క్రాటోస్ 'గాడ్ ఆఫ్ వార్' ఆటల నాయకుడు. అమెరికాలో సోనీ కంపెనీకి చెందిన శాంటా మోనికా స్టూడియో 2005లో మొదటి ఆటను విడుదల చేసింది. కథ టూకీగా ఇది. క్రాటోస్ స్పార్టా సేనాని. యుద్ధంలో ఓడిపోయి చావబోతూ యుద్ధదేవుడు ఏరీస్‌కు మొక్కుకుంటాడు. గెలుపుకు బదులుగా తన బతుకునే రాసిస్తాడు. అప్పటి నుంచి ఏరీస్ బంటుగా ఊళ్ళు తగలబెడతాడు. ఒకనాడు ఎథీనాను కొలిచే పల్లె మీద పడి గుడిలో ఉన్నవాళ్ళను నరికి చూసేసరికి, చచ్చినవాళ్ళలో తన భార్యా కూతురూ ఉన్నారు. వాళ్ళ బూడిద అతని ఒంటికి అంటుకుపోతుంది. ఆ తెల్లటి దేహం అలా వచ్చిందే. మొదటి ఆటలో ఏరీస్‌ను చంపి తానే యుద్ధదేవుడవుతాడు. 2007 నాటి రెండో ఆటలో జియస్ మీద తిరగబడతాడు. 2010 నాటి మూడో ఆటలో ఒలింపస్ దేవతలను వరసగా చంపి, చివరికి జియస్‌నూ చంపుతాడు.

మా వీధిలో ఒక యువకుడున్నాడు, కరీంనగర్ వైపు వాడు. విదేశీ ఆటల్లోని కవచాలకు గీతలూ తుప్పు మరకలూ దిద్దడం అతని ఉద్యోగం. గడువు దగ్గర పడితే అర్ధరాత్రి దాకా పని. అదనపు జీతం ఉండదు, ఆట చివర వచ్చే పేర్లలో తన పేరూ ఉండదు. "క్రాటోస్ ఎవ్వలకూ దండం పెట్టడు సార్, అందుకే నాకిష్టం" అన్నాడు. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యడానికి వీల్లేదు. పగలంతా తల వంచి బతికేవాడికి తల ఎగరేసే వీరుడు కావాలి. ఆ ఆకలి నిజమైనదే. అయితే ఆ ఆకలికి దొరుకుతున్న తిండి ఎలాంటిది?

క్రాటోస్ తిరుగుబాటును దగ్గరగా చూడండి. రెండో ఆట చివర తెలిసేదేమిటంటే అతను జియస్ కొడుకే. జియస్ తన తండ్రి క్రోనస్‌ను కూలదోసి సింహాసనమెక్కాడు, ఇప్పుడు కొడుకు వంతు వచ్చింది. అంటే ఇంతసేపూ మనం తిరుగుబాటు అనుకున్నది రాచకుటుంబంలో వారసత్వపు తగాదా. పల్లె సంగతి కూడా గమనించాలి. ఆ గుడిలో చచ్చినవాళ్ళందరిలో కథ ఏడ్చేది ఇద్దరి కోసమే. మిగతావాళ్ళకు పేర్లు లేవు, వాళ్ళ బూడిద ఎవరి ఒంటికీ అంటలేదు. మూడో ఆటలో పొసైడన్ చస్తే సముద్రం భూమిని ముంచుతుంది, సూర్యుడు చస్తే చీకటి కమ్ముకుంటుంది. మునిగిన జనం ఆ నేపథ్యంలో చుక్కల్లా కనిపించి మాయమవుతారు. చివర క్రాటోస్ తనను తాను పొడుచుకొని, తనలో దాగిన 'ఆశ' అనే శక్తిని మానవాళికి వదులుతాడు. మంచిదే. కాని అందుకోవడానికి మిగిలినవాళ్ళెందరు?

ఇక పేరు సంగతి. గ్రీకు పురాణంలో క్రాటోస్ అనే వాడు అంతకు ముందే ఉన్నాడు. ఆట తయారుచేసినవాళ్ళకు పేరు పెట్టేనాటికి ఆ సంగతి తెలియదట. హీసియడ్ కావ్యంలో అతను స్టిక్స్ కొడుకు, జియస్ పక్కను ఎన్నడూ విడవని వాడు. ఆ మాటకు అర్థమే బలం, అధికారం. ఈస్కిలస్‌దిగా చెప్పే 'బంధిత ప్రొమీథియస్' నాటకం తెర తీయగానే కనిపించేది ఇతనే. మనుషులకు నిప్పు తెచ్చి ఇచ్చిన ప్రొమీథియస్‌ను కొండకు కట్టెయ్యడానికి బియా అనే చెల్లెలితో కలిసి లాక్కొస్తాడు. బియా అంటే దౌర్జన్యం, నాటకమంతటా ఆమె నోరు విప్పదు. సంకెళ్ళు బిగించవలసినవాడు కమ్మరి దేవుడు హెఫేస్టస్. అతనికి చేతులాడవు, తన పనితనాన్నే తిట్టుకుంటాడు. క్రాటోస్ పక్కన నిలబడి ఇంకా గట్టిగా కొట్టమని గద్దిస్తాడు. రాజ్యాధికారం గురించి ఇంతకంటె సూటిగా చెప్పిన దృశ్యాలు ప్రపంచ నాటక సాహిత్యంలో ఎన్నో ఉండవు. 1841 నాటి తన పరిశోధనా వ్యాసం ముందుమాటలో మార్క్స్ తత్వశాస్త్ర చరిత్రలోని అమరవీరుల్లో ప్రొమీథియస్‌కు మొదటి పీట వేశాడు.

ఆ ప్రొమీథియస్ ఈ ఆటలో ఏమయ్యాడు? రెండో ఆటలో క్రాటోస్‌కు అతను కొండల మధ్య సంకెళ్ళలో కనిపిస్తాడు. బాధ భరించలేక చంపమని వేడుకుంటాడు. క్రాటోస్ సంకెల తెంపగానే కింది మంటలో పడి కాలిపోతాడు. అతని బూడిద క్రాటోస్‌లో చేరి కొత్త శక్తి అవుతుంది. మనుషులకు నిప్పు ఇచ్చినవాడు ఒక వీరుడి కండబలానికి వంటచెరుకయ్యాడు! మూడో ఆటలో హెఫేస్టస్ కూడా తాను చేసి ఇచ్చిన కొరడాతోనే దెబ్బతిని, తన దాగలి దగ్గరే చస్తాడు. పేరు తెలియకుండా పెట్టి ఉండవచ్చు, పాత్ర మాత్రం పాత నాటకంలోని బంటు దగ్గరికే నడిచిపోయింది.

ఇంతవరకూ చెప్పింది వస్తువు గురించి. ఆటకు దాని శిల్పం కూడా ఉంది, నా అభ్యంతరం అక్కడ ఇంకా ఎక్కువ. మొదటి ఆట అమెరికా రూపంలో ఒక ఘట్టం ఉంది. బోనులో ప్రాణంతో ఉన్న సైనికుడు. వాడు బతిమాలుతుంటే బోనును ఎగువకు నెట్టుకుంటూ పోయి, బలిగా కాల్చితే తప్ప దారి తెరుచుకోదు. నాటకం చూసేవాడు ప్రొమీథియస్ కోసం కన్నీరు పెట్టవచ్చు, క్రాటోస్‌ను అసహ్యించుకోవచ్చు. ఆట ఆడేవాడికి ఆ వీలు లేదు, బోను నెట్టేది అతని వేళ్ళే. ఆటగాడికి సిగ్గు కలగాలనే అలా పెట్టారని సమర్థించేవాళ్ళున్నారు. సిగ్గుపడి వెనక్కి తిరిగేవాడికి ఆట ఏ దారీ ఇవ్వలేదు కదా! ఉన్న మార్గాలు రెండే: కాల్చడం, లేదా ఆట కట్టేసి లేవడం. 'పైనుంచి ఆర్డరొచ్చింది, ఏం చేస్తాం' అనే జవాబును మన ఆఫీసుల్లో రోజూ వింటున్నాం.

జియస్‌ను చంపడం ఇంత సులువెందుకయిందన్నది మరో ప్రశ్న. పిడుగు కడ్డీ వచ్చాక పిడుగుల దేవుడికి పనేమిటని మార్క్స్ 1857లోనే అడిగాడు. జియస్‌కు ఇవాళ పూజారుల వ్యవస్థ లేదు, అతని పేరు మీద ఊరేగింపులు లేవు, అతన్ని నరికితే మనోభావాలు దెబ్బతినే వర్గమంటూ లేదు. మన హైదరాబాదు అనుభవం చూడండి. ఇక్కడి అరోనా టెక్నాలజీస్ 2009లో 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట చేసింది, సోనీయే దాన్ని విడుదల చేసింది. క్రాటోస్ తొలి ఆట నడిచిన ప్లేస్టేషన్ 2 మీదే అదీ నడిచింది. అందులో హనుమంతుణ్ణి ఎవరూ చంపలేదు, అతనే నాయకుడు. అయినా కోట్లమంది కొలిచే దేవుణ్ణి ఆటగాడి చేతి మీటలతో ఆడించడం అపచారమని అమెరికాలోని ఒక హిందూ ప్రముఖుడు అభ్యంతరం లేవదీశాడు. బతికున్న దేవుడితో ఆట అంటే ఇదీ పరిస్థితి. త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుక వధ' రాసినా, 1970లలో రంగనాయకమ్మ 'రామాయణ విషవృక్షం' సంపుటాలు తెచ్చినా తలపడింది బతికున్న పురాణంతో. వాళ్ళ కలానికి ఎదురు నిలిచింది సజీవ సమాజం. క్రాటోస్ కత్తికి ఎదురు నిలిచింది గల్లాపెట్టె ఒక్కటే, అదీ తెరుచుకొని.

2018లో వచ్చిన ఆట వేరే రకం. క్రాటోస్ ఉత్తర దేశాల పురాణంలోకి వలస వచ్చాడు, ముసలివాడయ్యాడు, కొడుకును పెంచుతున్నాడు. తన పాపాలను ఆ పిల్లవాడికి చెప్పలేక నలిగిపోయే తండ్రి చిత్రణలో నిజాయితీ ఉంది. ఇంతటి పాత్రచిత్రణ ఈ రంగంలో తరచు రాదని ఒప్పుకుంటాను. 2022 నాటి 'రాగ్నరాక్' చివర ఒక చిత్రఫలకం వెనకవైపు అతనికి తన భవిష్యత్తు కనిపిస్తుంది. అందులో జనం అతన్ని దేవుడిగా కొలుస్తున్నారు. క్రాటోస్ కళ్ళు చెమరుస్తాయి. మా వీధి యువకుడు ఆ చోట తానూ ఏడ్చానన్నాడు, నేను నమ్మాను. పదిహేడేళ్ళ కథ ఇతనికి ఊహించి ఇవ్వగలిగిన మేలైన భవిష్యత్తు ఏరీస్ దిగిపోయిన ఆ పీటే. బొమ్మలో దండం పెడుతున్నవాళ్ళకు ఈసారి కూడా పేర్లు లేవు.