నీడకు తన పేరు పెట్టిన మేకల కాపరి

ఉర్సులా లెగ్విన్ నవల ‘ఎ విజార్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ 1968లో అమెరికాలో వచ్చింది. సముద్రం నిండా దీవులు, దీవుల్లో మాంత్రికులు, డ్రాగన్లు. పిల్లల పుస్తకమని దానికి పేరు. ఆదివాసీ ఉపాధ్యాయులం కొందరం దాన్ని ఇంగ్లీషులో చదివి, తెలుగులోనూ కోయలోనూ మాట్లాడుకున్నాం. అందరం ఒక్క మాట మీదికి రాలేదు. ఎక్కడ కలిశామో, ఎక్కడ విడిపోయామో రెండూ చెప్పడమే న్యాయం.

ముందు కథ. గాంట్ అనే కొండ దీవిలో ఒక కుర్రాడు మేకలు కాస్తుంటాడు. తల్లి లేదు, తండ్రి కంచు పనివాడు. తల్లి తోబుట్టువు అతనికి తొలి మంత్రాలు నేర్పుతుంది. తెల్లటి కార్గ్‌లు ఊరి మీద పడినప్పుడు పొగమంచు కప్పించి ఊరిని కాపాడతాడు. ఓగియన్ అనే పెద్ద మాంత్రికుడు అతనికి ‘గెడ్’ అని అసలు పేరు పెడతాడు. అతని దగ్గర నిదానంగా నేర్చుకునే ఓపిక లేక గెడ్ రోక్ దీవిలోని మాంత్రికుల బడికి వెళ్తాడు. అక్కడ జాస్పర్ అనే తోటి విద్యార్థితో పంతానికి పోయి చనిపోయినవారి ఆత్మను పిలుస్తాడు. దానితోపాటు ఒక నీడ బయటపడి అతన్ని చీరేస్తుంది. ఆ దారి మూయడానికి బడి పెద్ద తన ప్రాణమే ఇస్తాడు. ఆ తర్వాత కథంతా నీడ తరమడం, గెడ్ పారిపోవడం. చివరికి ఓగియన్ మాట విని వెనక్కి తిరిగి, తానే నీడను తరుముతాడు.

మేం ఎక్కువసేపు వాదించుకున్నది జాస్పర్ గురించే. తప్పు జాస్పర్‌దే అన్నారు కొందరు. పెద్దింటి నడవడి, మెత్తటి మాటలు, మేకల కాపరి అన్న ఎగతాళి. కొండ మీది నుంచి పట్నం హాస్టల్‌కు వెళ్ళిన మన పిల్లలకు ఈ జాస్పర్ కొత్తవాడు కాడు. అవమానం నిజమే గానీ మంత్రం చదివిన నోరు గెడ్‌ది అన్నారు మిగిలినవారు. నవల ఈ రెంటినీ ఒప్పుకుంటుంది. జాస్పర్ మంచివాడని ఎక్కడా అనదు. అతనికి శిక్ష పడే సన్నివేశాన్నీ పెట్టదు. బడి వదిలి వెళ్ళిపోయాడని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తుంది. మనల్ని చిన్నచూపు చూసినవాడికి ఏదో ఒకటి జరగాలని కోరుకునే పాఠకుడికి ఇది వెలితిగా ఉంటుంది. కానీ గెడ్ బాగుపడడం జాస్పర్ ఓడిపోవడం మీద ఆధారపడకూడదన్నది రచయిత్రి పట్టుదల. మాలో ఎక్కువమందికి అదే సరి అనిపించింది.

నీతి పరంగా గొప్ప ఘట్టం డ్రాగన్‌ది. గెడ్ డ్రాగన్ అసలు పేరును ఊహించి పట్టుకుంటాడు. అప్పుడది బేరం పెడుతుంది: నిన్ను తరిమే నీడ పేరు చెప్తాను, నన్ను వదులు. ఒక్క మాట అంటే గెడ్ ప్రాణం దక్కుతుంది. అతను ఆ పేరు అడగడు. తనను నమ్ముకున్న దీవులవాళ్ళ జోలికి ఎన్నడూ రానని ఒట్టు వేయించుకుంటాడు. ధైర్యమంటే కత్తి తిప్పడమే అనుకునే కథల మధ్య ఈ పేజీలు పిల్లలకు చదివి వినిపించదగ్గవి.

ఈ లోకంలో అసలు పేరు తెలిసినవాడికే అధికారం. అందుకే దాన్ని నమ్మినవాళ్ళకు తప్ప చెప్పరు. పరువు పోయి, ఒంటరిగా ఉన్న గెడ్‌కు వెచ్ అనే మిత్రుడు అడగకుండానే తన అసలు పేరు చెప్తాడు. నవలలో అంతకు మించిన కానుక లేదు. రాత్రిపూట పాము పేరెత్తకుండా ‘పురుగు’ అనే మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

దీని వెనుక ఇంకో సంగతి ఉంది. లెగ్విన్ తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ మానవశాస్త్రవేత్త. 1911లో కాలిఫోర్నియాలో యాహీ తెగలో చివరికి మిగిలిన ఒక మనిషి బయటి లోకానికి వచ్చాడు. తన పేరు తాను చెప్పుకోవడం వాళ్ళ ఆచారం కాదు. క్రోబర్ అతన్ని ‘ఇషి’ అన్నాడు. వాళ్ళ భాషలో ఆ మాటకు మనిషి అని అర్థం. 1916లో చనిపోయేవరకూ అతను అసలు పేరు చెప్పలేదు. లెగ్విన్ తల్లి థియొడోరా అతని చరిత్ర రాసింది. నవల ఇక్కడి నుంచే పుట్టిందని మేం అనడం లేదు. పేరును దాచుకునే హక్కు మనిషికి ఉందని ఆ ఇంట్లో తెలుసు, అంతే.

నవలలో నాయకుడిది ఎర్ర గోధుమ రంగు ఒళ్ళు, వెచ్‌ది నలుపు. దాడికి వచ్చేవాళ్ళే తెల్లవాళ్ళు. 2004లో టీవీ కోసం తీసినవాళ్ళు గెడ్‌ను తెల్లవాడిగా చూపిస్తే లెగ్విన్ బహిరంగంగా తప్పుపట్టింది.

మాకు నచ్చనిదీ ఉంది. తొలి మంత్రం నేర్పిన ఆడమనిషికి నవలలో పేరే లేదు. ఆమె విద్య తక్కువరకం, కొంత చెడ్డది కూడా అన్నట్టు కథ నడుస్తుంది. రోక్ బడిలో ఆడపిల్లలకు చోటు లేదు. చేతబడి, చిల్లంగి అని నింద వేసి ఆడవాళ్ళను కొట్టి చంపిన ఊళ్ళ మధ్య బతుకుతున్నవాళ్ళం, దీన్ని కల్పనే కదా అని వదిలేయలేం. లెగ్విన్ 1990లో ‘టెహాను’ రాసి ఆడవాళ్ళ వైపు నుంచి ఆ లోకాన్ని మళ్ళీ చూసింది. ఈ నవల ఇచ్చేవాళ్ళు ఆ నవలనూ చేతికివ్వాలి.

చివర్లో గెడ్, నీడ ఎదురుపడి ఒకరినొకరు ఒకే పేరుతో పిలుచుకుంటారు. గెలుపూ లేదు, ఓటమీ లేదు. తన పేరు తెలిసినవాడే తన నీడను ఒప్పుకోగలడు. మన బడుల్లో ఐత, సుక్క, బుద్రి అనే పిల్లలను హాజరుపట్టీలో నాగరికంగా ఉంటుందని ఇంకో పేరుతో ఎక్కిస్తున్నారు. ఓగియన్ కూడా కొత్త పేరు ఇచ్చినవాడే గదా అని మాలో ఒకరు అడిగారు. నిజమే. కానీ అతను పిల్లవాడు ఎవరో గుర్తించి ఆ పేరు పెట్టాడు. పట్టీలో పేరు మార్చేవాళ్ళు పిల్లవాడి వంక చూడనైనా చూడరు.