ఉత్ప్రేరకం వెనుక నేర్పు

నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీయడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు చాలినా, ఆచరణలో అంతకు మించి వెచ్చించవలసి వస్తుంది. ఆ అదనపు భారాన్ని తగ్గించేది ఉత్ప్రేరకం, అంటే తాను ఖర్చు కాకుండా చర్యను వేగవంతం చేసే పదార్థం. ప్లాటినం ఇందులో మేటి అయినా ఖరీదు ఎక్కువ కనుక, క్షార ద్రావణంతో నడిచే సాధనాలలో నికెల్‌ను వాడతారు. తయారీదారు ప్రజ్ఞ ఇక్కడే కనిపిస్తుంది: నికెల్‌ను అల్యూమినియంతో కలిపి కరిగించి, ఆ మిశ్రమలోహాన్ని కాస్టిక్ సోడాలో ఉంచితే, అల్యూమినియం కరిగిపోయి స్పాంజిలా సూక్ష్మరంధ్రాలు నిండిన నికెల్ మిగులుతుంది. 1920లలో ముర్రే రానీ నూనెలను గట్టిపరచడానికి కనిపెట్టిన నికెల్ ఇదే. ఆరితే గాలి సోకగానే నిప్పంటుకునే ఈ నికెల్ పొడిని నీటి అడుగున భద్రపరుస్తూ, పాళ్లూ వేడిమీ తప్పకుండా చూసే పనివారి శ్రద్ధ ఎంతో మెచ్చదగినది.