చదివినది మనిషియా, యంత్రమా?

సరకు అమ్ముటకై ఈమెయిలు ఎప్పుడు పంపవలెను, ఫోను ఎవరికి చేయవలెను అను నిర్ణయమును నేడు పలు వ్యాపార సంస్థలు సాఫ్ట్‌వేరునకు అప్పగించుచున్నవి. ఇట్టి ఈమెయిలులో తరచుగా కంటికి కనబడని చిన్న బొమ్మ యొకటి ఇమిడి యుండును. ఈమెయిలు తెరచినంతనే ఆ బొమ్మ కొరకు పంపినవారి సర్వరునకు కబురు పోవును. దానినే ‘చదివినారు’ అని లెక్కించి, సాఫ్ట్‌వేరు ఫోనుకు వేళ నిర్ణయించును.

ఏర్పాటు తెలివైనదే, లోపము కొలతలో నున్నది. 2021లో ఆపిల్ సంస్థ తన మెయిల్‌లో గోప్యతారక్షణను ప్రవేశపెట్టినది. దానిని ఎంచుకొన్నవారు ఈమెయిలు తెరువకున్నను బొమ్మ ముందే తెప్పించబడును. బొమ్మలను నిలిపివేసి చదువువారో, లెక్కకే రారు. కనుక చదువనివారి ఇంట ఫోను మ్రోగును.

థర్మామీటరు తప్పు చూపినచో, గ్రాఫు ఎంత చక్కగా గీసినను జ్వరము తెలియదు. బొమ్మ కదలికను గాక, మనిషి వ్రాసిన జవాబును నమ్ముటయే శాస్త్రీయము.