'బక్కపలచని' మాట - ఎవరి ఒంటికి ఏ అర్థం?

మనిషి సన్నగా ఉన్నాడని చెప్పడానికి తెలుగు రచయితకు చటుక్కున దొరికే జంట మాట 'బక్కపలచని'. కథకులు వాడతారు, విలేకర్లు వాడతారు, సంతాప సభల్లో మాట్లాడేవాళ్లు మరీ వాడతారు. పైకి చూస్తే ఉత్త వర్ణన. విడదీసి చూస్తే ఇందులో రెండు వేర్వేరు కొలతలున్నాయి. 'బక్క' అనేది కండకు సంబంధించింది. మనిషికీ గొడ్డుకూ అదే మాట: బక్క మనిషి, బక్క ఎద్దు. 'పలచన' అనేది చిక్కదనానికి సంబంధించింది: పలచని మజ్జిగ, పలచని చారు. అక్కడి నుంచి అది మర్యాదలోకి కూడా వచ్చింది. నలుగురిలో విలువ పోయినవాణ్ని 'పలచనైపోయిండు' అంటాం గదా. ఒంటికి కండ లేకపోవడం ఒకటి, ఊళ్లో విలువ లేకపోవడం ఇంకొకటి. ఈ రెండూ ఒకే విశేషణంలో కలిసి ఉన్నాయి. ఏ మనిషి పక్కన ఏ సగం పనిచేస్తుందనేది మాత్రం ఆ మనిషి కులాన్ని బట్టి తేలుతోంది.

వాక్యం ఎట్లా నడుస్తుందో చూడాలి. పేరున్న నాయకుడి ముందు ఈ మాట వచ్చినప్పుడు వాక్యం అక్కడ ఆగదు. వెంటనే 'కానీ' వస్తుంది, లేదా 'అయినా' వస్తుంది. మనిషి బక్కపలచనే కానీ సంకల్పం గట్టిది అనే వరస. గాంధీ గురించి బడి పుస్తకాల నుంచి మనం విన్న వర్ణన ఈ అచ్చులో పోసిందే. మనకు దగ్గరి ఉదాహరణ కేసీఆర్. 2009 నవంబర్ 29న కరీంనగర్ నుంచి సిద్దిపేట దీక్షకు బయలుదేరి అల్గునూరు దగ్గర అరెస్టయ్యారు. డిసెంబర్ 9న కేంద్రం తెలంగాణ ప్రకటన చేసింది. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ఆయన బక్కతనం గురించి వేదికల మీద ఎంత మాట్లాడారో ఈ జిల్లాల్లో అందరికీ తెలుసు. ఉద్యమంలో ఆయన పాత్రను ఇక్కడ తక్కువ చేయడం లేదు, మాట సంగతే అడుగుతున్నాను. వెలమ నాయకుడి ఒళ్లు బక్కదైతే అది పట్టుదలకు సాక్ష్యమైంది. అదే కాలంలో ఈ జిల్లాల పొలాల్లో వరి కోసే మాదిగామె ఒళ్లు బక్కదైతే దేనికీ సాక్ష్యం కాలేదు. ఆమె పక్కన 'కానీ' రాదు. 'పాపం' వస్తుంది, వాక్యం ముగుస్తుంది.

తేడా ఉపవాసానికీ పస్తుకూ ఉన్న తేడా. ఇంట్లో గింజలుండి తినకపోతే ఉపవాసం, గింజల్లేక తినకపోతే పస్తు. ఉపవాసం ఎదుటివాణ్ని వంచగలదు. 1932 సెప్టెంబర్ 20న ఎరవాడ జైల్లో గాంధీ మొదలుపెట్టిన ఉపవాసం అణగారిన కులాల ప్రత్యేక నియోజకవర్గాలకు వ్యతిరేకంగా చేసింది. నాలుగు రోజులకే, 24న, అంబేద్కర్ పూనా ఒడంబడిక మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఒక బక్కపలచని శరీరం ప్రాణం కోసం దేశమంతా ఆరాటపడింది. తరాలుగా పస్తులున్న లక్షల బక్కపలచని శరీరాల కోసం అడిగిన హక్కు ఆ ఆరాటం ముందు పలచనైంది. ఈ విశేషణానికి ఉన్న రెండు సగాలు ఇంత స్పష్టంగా ఎదురెదురు నిలబడ్డ సందర్భం మరొకటి నాకు కనపడలేదు.

కావ్యాల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. అక్కడ సన్నదనం అందం: కృశోదరి, తలోదరి, తన్వి. 'తనుమధ్య' అని ఛందస్సులో ఒక వృత్తానికే పేరు. నాట్లేసే ఆడమనిషి నడుము కూడా సన్నదే, ఆమెను కృశోదరి అన్న కవి మాత్రం నాకు తగల్లేదు.

మనవాళ్ల రాతల దగ్గరికే వద్దాం. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే అక్టోబర్‌లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం - ఆ కాలపు కథా పాటా మన వాడలను సాహిత్యంలోకి తెచ్చినయి. అల్లం రాజయ్య, సాహు, గూడ అంజయ్య ఈ మట్టిలోంచి వచ్చినవాళ్లే. ఆ రుణం కాదనలేం. వాళ్ల వెనక రాసిన చాలామంది చేతిలో మాత్రం అది ఒక బొమ్మగా గడ్డకట్టింది: ఒకవైపు బలిసిన దొర, ఒకవైపు బక్కచిక్కిన కూలీ. ఆ కూలీకి కులం ఉండదు, పనితనం ఉండదు. చచ్చిన గొడ్డును ఊరవతలికి మోసుకుపోయి, తోలు తీసి, లందలో నానబెట్టి, చెప్పూ మోట బొక్కెనా చేసింది ఆ బక్క చేతులే. ఆ చేతుల బలం గురించి, నేర్పు గురించి ఆ విశేషణం ఒక్క ముక్క చెప్పదు. జాలి పుట్టించి ఊరుకుంటుంది.

పైగా ఆ బొమ్మలో రెండో సగం ఊరి అనుభవానికి తలకిందులు. దొర మొహం మీద 'బలిసిన' అన్నవాడు ఊళ్లో ఎవడు? ఆ మాట పడింది మన మీద. మాలోడు ఇస్త్రీ అంగీ తొడుక్కుంటే, మాదిగోడు గడి ముందు నుంచి చెప్పులేసుకుని నడిస్తే, జీతగాడు ఇంకో కుంచెడు గింజలడిగితే, 'బలిసిందిరా నీకు' అన్నరు. కొవ్వెక్కిందన్నరు, ఒళ్లు మదమెక్కిందన్నరు. అన్నీ ఒంటి మాటలే. అనిపించుకున్నవాణ్ని చూస్తే ఎముకల మీద తోలు. లేని కొవ్వు వాళ్లకు ఎక్కడ కనబడ్డట్టు? వంచని వెన్నులో కనబడ్డది. అంటే ఊరి లెక్కలో మన బక్కతనం ఆకలికి గుర్తు కాదు, అణకువకు గుర్తు. పెద్ద కులపాయన ఒళ్లు చేస్తే 'నిండు విగ్రహం', మనవాడు ఒళ్లు చేస్తే 'బలుపు'. 'బక్క'కు ఎదురుమాట కూడా కులానికొకటి ఉందన్నమాట.

ప్రభుత్వ భాష మర్యాదగా ఉంటుంది, కానీ అదీ ఒంటి కొలతలతోనే పిలుస్తుంది: బడుగులు, బలహీన వర్గాలు. ఒక హెక్టారులోపు భూమి ఉన్నవాడు 'సన్నకారు' రైతు. అయితే ఒక్క చోట ఆ భాష కథకుడి భాష కన్నా నిజాయితీగా ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 21.7 శాతం మందికి ఎత్తుకు తగ్గ బరువు లేదు, 33.1 శాతం మందికి వయసుకు తగ్గ ఎత్తు లేదు. దీన్ని 'లోపం' అన్నారు. లోపం అంటే అందాల్సింది అందలేదని. అంగన్‌వాడీలో పిల్లవాడి దండకు చుట్టే పట్టీ 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపిస్తే ఎరుపు, వెంటనే ఏదో ఒకటి చేయాలి. 'బక్కపలచని పిల్లవాడు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. వాడు పుట్టుకతోనే అట్లాంటివాడు అన్నట్టు ఉంటుంది.

మా అమ్మలు ఈ జంట మాటను జంటగా వాడరు. హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికొస్తే 'బక్కగైనవు బిడ్డా' అంటరు. అందులో పలచన లేదు. తిన్నవా, పెట్టినరా అనే ప్రశ్న ఉంది. 1995లో దళిత కవితా సంకలనానికి 'చిక్కనవుతున్న పాట' అని పేరు పెట్టుకోవడాన్ని కూడా ఈ వరసలోనే చదవాలి. పలచన చేయబడ్డవాళ్లు చిక్కదనాన్ని తమ మాటగా తీసుకున్నారు. వాడల్లో మనం నిలబెట్టుకున్న అంబేద్కర్ విగ్రహమూ అంతే. నిండైన ఒళ్లు, కోటు, బూట్లు, చేతిలో పుస్తకం. శిల్పం సరిగా లేదని వెక్కిరించేవాళ్లున్నారు. ఎండిన డొక్కల మనుషులు తమ నాయకుణ్ని కడుపు నిండినవాడిగా చూడాలనుకోవడం వాళ్లకు అర్థం కాదు.

ఇక తిండి. తెలంగాణలో సన్నానికి ఎదురుమాట దొడ్డు. ఇన్నాళ్లూ దొడ్డు మనుషులు సన్నబియ్యం తిన్నరు, సన్నపు మనుషులు దొడ్డుబియ్యం తిన్నరు. 2015 నుంచి హాస్టళ్లలో, బడి భోజనంలో సన్నబియ్యం వచ్చింది. 2025 ఏప్రిల్ నుంచి రేషన్ దుకాణంలో మనిషికి ఆరు కిలోలు ఇస్తున్నారు. మంచిదే, రావాల్సిందే. అయితే దాన్ని పొగిడే మాటల్లో 'పేదలు కూడా ఉన్నోళ్లు తినే బియ్యం తింటున్నరు' అనేది తరచుగా వినబడుతోంది. నాయకుడి బక్కతనం పక్కన 'కానీ' చేసిన లాంటి పనే ఇక్కడ ఈ 'కూడా' చేస్తోంది. మా వాడ ముసలోళ్లకు ఇప్పటికీ దొడ్డు బువ్వే కావాలి. సన్నబియ్యం తింటే పొద్దు గుంకేదాక ఆగదట.