పల్లవి ఎవరిది?

పోయినేడు దొంతన్‌పల్లిలో ఒకరింట్లో ప్రార్థనకి వెళ్ళాను. పుస్తకం తెరవకుండానే ఓ ముసలావిడ పాటెత్తుకుంది. గదిలో ఆడవాళ్ళంతా పల్లవి అందుకున్నారు. అక్షరమ్ముక్క రాని ఆవిడకి చరణాలన్నీ కంఠతా వచ్చు!

ఇలా ఆడవాళ్ళు గొంతు కలపడం మీద ఒకప్పుడు ఎంత రభస జరిగిందనుకున్నారు! లండన్‌లో బెంజమిన్ కీచ్ అనే బాప్టిస్టు బోధకుడు సంఘమంతా కలిసి పాడాలని 1691లో పుస్తకమే రాశాడు. ఐజాక్ మార్లో అనే ఆయన ససేమిరా అన్నాడు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలని పౌలు చెప్పాడుగా, మరి పాడితే ఎలా అని ఆయన వాదన. కచేరీలో కాదు, ప్రార్థనలోనే సుమండీ!

మనకొచ్చిన చిక్కు వేరు. దొరల బాణీలో తెలుగు మాటలు కుక్కితే దీర్ఘాలు కురచవుతాయి, పొట్టి అక్షరాలు సాగుతాయి. పురుషోత్తమ చౌధరి (1803-1890) ఆ తంటా లేకుండా మన కీర్తన పద్ధతిలోనే రాశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకంలో పాటల పైన రాగం, తాళం కూడా వేస్తారు. ఒకరు చరణం పాడితే చదువురానివాళ్ళూ పల్లవిలో కలుస్తారు. నా మటుకు నాకు అదే ఆయన గెలుపు.

లోపం లేదా అంటే, ఉంది. సమాసాలు బరువెక్కిన చోట ఆ గదిలోనూ గొంతులు జారుకున్నాయి. ముసలావిడ ఒక్కతే మిగిలింది. అర్థమేమిటని తర్వాత అడిగాను. “దేవునికి ఎరుకే గదమ్మా!” అని నవ్వింది.

ఇంతలో కీబోర్డు కుర్రాడు మైకు అందుకున్నాడు. పల్లవీ చరణమూ అన్నీ అతనే పాడేశాడు. మేం విన్నాం.