మేకమేయని ఆకు ఉబ్బసమునకు మందా?

అనంతపురము మెట్టభూములలో వాన తక్కువ, గాలియు ధూళియు ఎక్కువ. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు ఆ సీమలో, వేరుశనగ కట్టె దులుపు దినములలోను, బీళ్లలో వయ్యారిభామ పూచు దినములలోను ఉబ్బసపు రోగులకు ఊపిరి సలుపదు. అట్టివారికి నాటువైద్యులు చెప్పు మందులలో మేకమేయని ఆకు ఒకటి. కనబడిన పచ్చ నెల్ల కొరుకు మేక సయితము ముట్టనిది గనుక ఈ తీగకు ఆ పేరు వచ్చినది. శాస్త్రజ్ఞులు దీనిని టైలోఫోరా ఇండికా అందురు. ఇది జిల్లేడు కుటుంబములోనిది. రోజున కొక ఆకు నమిలిన ఉబ్బసము పోవునను మాటలో నిజమెంత?

పుప్పొడివంటి పదార్థము పడనివారి శరీరములో ఐ.జి.ఇ. అను ప్రతిరక్షకము తయారై మాస్ట్ కణముల నంటియుండును. ఆ పుప్పొడి మరల తగిలినప్పుడు ఆ కణములు హిస్టమిన్‌ను వెలిగ్రక్కును, శ్వాసనాళములు బిగుసుకొనును. ఎలుకలపై చేసిన ప్రయోగములలో ఈ ఆకు సారము మాస్ట్ కణములను కొంత అదుపులో నుంచినది. అయితే ఎలుకలో కనబడిన గుణము మనుష్యునిలో కనబడి తీరవలెనను నియమము లేదు.

మనుష్యులపై జరిగిన పరీక్షలలో ప్రసిద్ధమైనది ఢిల్లీలో శివపురి, ఆయన సహచరులు చేసి 1969లో ప్రకటించినది. ఏది మందో, ఏది ఉత్తదో రోగికిగాని వైద్యునికిగాని తెలియనీయక, దినమున కొక ఆకు చొప్పున 6 దినములు ఇచ్చిరి. వారము ముగియునప్పటికి ఆకు తిన్నవారిలో నూటికి 62 మందికి, ఉత్తది తిన్నవారిలో 28 మందికి గుణము కనబడెను. 12 వారములకు ఆ 62 కాస్తా 16కు దిగినది. ఆకును మెచ్చుకొనువారు మొదటి అంకెను చెప్పి, రెండవదానిని మరచుచుందురు. ఉత్తదానితోనే 28 మందికి నెమ్మదించుట కూడ గమనింపదగినదే. ఉబ్బసము తనంత తాను తగ్గుచు హెచ్చుచు నుండు వ్యాధి.

ఇంతకంటె పెద్ద చిక్కు మరియొకటి కలదు. ఈ మొక్క వేరును కోరమాండలు తీరమున వాంతి మందుగా వాడెడివారని రాక్స్‌బర్గు వ్రాసియున్నాడు. 1844 నాటి బెంగాలు ఔషధసంహితలోనికి ఇది ఎక్కినది. ఆకు తిన్నవారికి నోరు పుండగుట, రుచి తెలియకపోవుట, వేకువనే వికారము సాధారణము. నోరు పొక్కిన రోగి తాను తిన్నది అసలు మందేయని ఊహింపలేడా? ఇక దాపరికమేమి మిగిలినది! 1979లో ప్రకటితమైన మరియొక పరీక్షలోనైతే ఆకునకును ఉత్తదానికిని చెప్పుకోదగిన భేదమే తేలలేదు.

మొక్కనుండి ఉబ్బసపు మందు రాదని కాదు. అమ్మి విస్నగా అను మొక్కలోని ఖెల్లిన్‌ను ఆధారము చేసికొని, ఉబ్బసపు రోగియైన ఆల్టూన్యన్ అను వైద్యుడు తనపైననే పరీక్షలు జరుపుకొనగా, 1965లో క్రోమోగ్లైకేటు లభించినది. దాని మోతాదు తెలియును. మేకమేయని ఆకులోని టైలోఫోరిన్‌ను 1935లోనే వేరుచేసిరి గాని, ఒక్కొక్క ఆకులో అది ఎంత యుండునో నమలువానికి తెలియదు. పైగా ఆ పదార్థము కణములలో ప్రోటీనుల తయారీనే ఆపివేయును. ఊపిరి అందనివానిచేత పీల్చుమందు మాన్పించి ఆకు నమలించుట ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.